కంబర్లాండ్ సౌండ్ మంచు మీద: వేట, కోత, పోగు

మొదటి రోజు: ఒట్టావా నుంచి ఇకాలూయిట్

ఒట్టావాలో విమానం ఎక్కి మూడు గంటల పైచిలుకు ఉత్తరానికి ఎగిరితే ఇకాలూయిట్ వస్తుంది. బాఫిన్ దీవి ఆగ్నేయ మూలన, ఫ్రోబిషర్ బే ఒడ్డున ఉన్న ఈ ఊరే నునావుట్‌కి రాజధాని. 1999 ఏప్రిల్ 1న కెనడాలో కొత్త భూభాగంగా ఏర్పడిన నునావుట్‌లో ఊళ్లు 25. 2021 జనగణన ప్రకారం జనాభా 37 వేల లోపే, అందులో ఎక్కువమంది ఈ నేల ఆదివాసులైన ఇన్యూయిట్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. దక్షిణాది నుంచి ఏ ఊరికీ రోడ్డు లేదు. వేసవిలో సముద్రం కరిగిన కొద్ది నెలలు సరుకు ఓడలు వస్తాయి. మిగతా కాలమంతా ఉల్లిపాయ దగ్గర్నుంచి విమానంలో దిగాల్సిందే.

మే రెండో వారానికి ఇక్కడ పగటివేళ కూడా సున్నాకి కొంచెం కిందే ఉంటుంది. సముద్రం ఇంకా గట్టిగా ఉంటుంది, రాత్రి పొద్దుపోయేదాకా వెలుగుంటుంది. సీల్స్ అనే సముద్ర జంతువులు మంచులో తాము చేసుకున్న ఊపిరి కన్నాల్లోంచి పైకొచ్చి మంచు మీద ఎండ కాచుకునే కాలం కూడా ఇదే. వేటగాళ్లతో కలిసి మంచు మీదికి వెళ్లాలనుకునేవాళ్లు ఈ రోజుల్నే చూసుకోవాలి. జూన్ గడిచేకొద్దీ మంచు మీద నీళ్లు నిలుస్తాయి, ఆ తర్వాత మంచు విరిగి కొట్టుకుపోతుంది.

అక్కడివాళ్లు సీల్‌ని చంపడం ఎందుకు, బియ్యం పప్పూ తెప్పించుకోవచ్చు కదా అన్నది మనవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న. ఊళ్లోని పెద్ద దుకాణంలో కూరగాయల వరస ముందు ఐదు నిమిషాలు నిలబడితే సగం జవాబు దొరుకుతుంది. తెగులు పట్టిన క్యాప్సికమ్, వాడిన ఆకుకూర, దక్షిణాది ధరకి రెండింతలు, ఒక్కోసారి అంతకు మించి. నేల అడుగున ఏడాది పొడవునా మంచే కాబట్టి పొలం లేదు, చెట్టూ లేదు. 2011లో మొదలైన న్యూట్రిషన్ నార్త్ పథకం కింద కెనడా ప్రభుత్వం దుకాణాలకు సబ్సిడీ ఇస్తోంది. అయినా ఆకలి తీరలేదు. 2007–08లో జరిగిన ఇన్యూయిట్ ఆరోగ్య సర్వేలో నునావుట్‌లోని ఇన్యూయిట్ ఇళ్లలో దాదాపు 70 శాతం తిండికి కటకటపడుతున్నాయని తేలింది. ఊరి ముందున్న నీళ్లలో మాత్రం యాభై అరవై కిలోల సీల్ ఈదుతోంది. దాని మాంసంలో ఇనుము దండిగా ఉంటుంది. కొవ్వులో డి విటమిన్ ఉంటుంది, పచ్చి కార్జంలో, తిమింగలం తోలులో సి విటమిన్ ఉంటుంది. నిమ్మకాయ మొహం చూడని జాతి స్కర్వీ రాకుండా వేల ఏళ్లు బతికింది ఈ తిండితోనే.

కాబట్టి చంపడం తప్పా ఒప్పా అని దూరాన కూర్చుని తేల్చడానికి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు. గురి ఎక్కడ పెట్టారు, చచ్చిన జంతువు చేతికి దొరికిందా, కోతలో ఏం పారేశారు, పోగు ఎవరింటికి వెళ్లింది, ఇన్యూయిట్ వేటలో ధర్మాధర్మాలు ఈ నాలుగు చోట్ల తేలతాయి. ఈ ప్రయాణమంతా ఆ నాలుగు పనుల వెంటే.

శాకాహారులకో మాట. ఇకాలూయిట్‌లో ఏదో ఒకటి దొరుకుతుంది, చిన్న ఊళ్లో కష్టం. మంచు మీద అసలేమీ దొరకదు. అటుకులు, వేయించిన పల్లీలు, పొడులు, ఇన్‌స్టంట్ ఉప్మా ఒట్టావాలోనే సర్దుకోవాలి. తినలేనని నెమ్మదిగా ఒకసారి చెబితే ఎవరూ ఏమనుకోరు. మూతి తిప్పుకుంటేనే బాధపడతారు.

రెండో రోజు: ఇకాలూయిట్ నుంచి పాంగ్నిర్టుంగ్

పొద్దున్నే వీధిలో కనిపించే చేతితొడుగులు, బూట్లు, కొన్ని కోట్లు సీల్ తోలువే. వెండిరంగు మీద నల్ల మచ్చలు, చలిగాలి లోపలికి రాదు, తడిసినా ఇబ్బంది లేదు. ఈ తోలు కథ తెలియకుండా ఇక్కడి వేట గురించి మాట్లాడటం అన్యాయం.

1970ల్లో అట్లాంటిక్ తీరంలో తెల్ల బొచ్చున్న హార్ప్ సీల్ పిల్లల్ని వాణిజ్యం కోసం చంపడం మీద ప్రపంచమంతా ఉద్యమాలు లేచాయి. 1972లోనే అమెరికా సముద్ర క్షీరదాల ఉత్పత్తుల దిగుమతిని చట్టంతో ఆపేసింది. 1983లో యూరోపియన్ సంఘం ఆ పిల్లల తోళ్ల దిగుమతిని నిషేధించింది. ఇన్యూయిట్లు వేటాడేది ఆ పిల్లల్ని కాదు. ఇన్యుక్టిటుట్ భాషలో నట్టిక్ అనే రింగ్డ్ సీల్‌ని, అదీ తిండి కోసం వేటాడతారు, తోలు మిగులు. కానీ కొనేవాళ్లు తేడా చూడలేదు. మొత్తం సీల్ తోలు బజారే కూలిపోయింది. మాంసం ఇంట్లోవాళ్లు తిని, తోలు అమ్మిన డబ్బుతో పెట్రోలు, తూటాలు కొనుక్కుని మళ్లీ వేటకు వెళ్లే చక్రం అక్కడ తెగింది. 2009లో యూరోపియన్ యూనియన్ పూర్తి నిషేధం తెచ్చినప్పుడు ఇన్యూయిట్ వేటకు మినహాయింపు రాసింది. కొనేవాడే లేని బజారులో మినహాయింపు ఎవరికి పనికొస్తుంది? 2014లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం కూడా ప్రజల నైతిక భావనల పేరిట నిషేధం చెల్లుతుందనే చెప్పింది. అదే ఏడాది గ్రీన్‌పీస్ కెనడా తన పాత ఉద్యమం వల్ల ఇన్యూయిట్లకు జరిగిన నష్టానికి క్షమాపణ అడిగింది.

2009 మే నెలలో కెనడా గవర్నర్ జనరల్ మిషెల్ జాన్ నునావుట్‌లోని రాంకిన్ ఇన్లెట్‌లో అందరి ముందూ సీల్‌ని ఉలు కత్తితో కోసి పచ్చి గుండె ముక్క తిన్నారు. యూరప్ పత్రికలు ముక్కు మూసుకున్నాయి. ఇక్కడి ముసలమ్మలకు మాత్రం తమ పీటకు వచ్చి కూర్చున్న మనిషిగా ఆమె ఇప్పటికీ గుర్తు.

మధ్యాహ్నం చిన్న విమానంలో గంట ప్రయాణం. పాంగ్నిర్టుంగ్ ఆర్కిటిక్ వలయానికి కొంచెం దక్షిణంగా, నిటారు కొండల మధ్య ఇరుకు పాయ ఒడ్డున ఉంది. ఆ పాయ కంబర్లాండ్ సౌండ్ అనే పెద్ద సముద్రపు చీలికలోకి తెరుచుకుంటుంది. జనం దాదాపు 1,500. మొదట వెళ్లాల్సింది వేటగాళ్ల సంఘం ఆఫీసుకే. 1993 నునావుట్ ఒప్పందం ప్రకారం ప్రతి ఊళ్లోనూ ఇలాంటి సంఘం ఉంటుంది. ఏ జంతువుకి కోటా ఉంది, ఎన్ని ట్యాగులు (ఒక్కో జంతువుకి ఒక్కో అనుమతి చీటీ) మిగిలాయి, ఎవరు మంచు మీదికి వెళ్లారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. రింగ్డ్ సీల్‌కి కోటా లేదు, సమృద్ధిగా ఉన్నాయి. బెలూగా తిమింగలానికి, కారిబూ అనే ధ్రువపు జింకకి ఉంది. వెంట వెళ్లడం, చూడటం, పెడితే తినడం వరకే పర్యాటకుడి పని. తుపాకీ ముట్టుకోవడానికి లేదు.

మంచు మీదికి వెంట తీసుకెళ్లేది ఓ పెద్దాయన, ఓ పెద్దావిడ, పెద్దాయన మేనల్లుడైన కుర్రాడు. సాయంత్రం వాళ్లు కముటిక్ కట్టడం చూడాలి. నాలుగైదు మీటర్ల పొడవైన చెక్క స్లెడ్జి ఇది. అడ్డపట్టీలకు మేకులు కొట్టరు, తాడుతోనే బిగిస్తారు. ఎగుడుదిగుడు మంచు మీద పడ్డప్పుడు కట్లు వదులిస్తూ సర్దుకోవాలి. మేకు కొట్టిన స్లెడ్జి రెండో గుట్ట దగ్గరే పట్టీ చీలుతుంది. బరువంతా మధ్యకి, కొంచెం వెనక్కి: పెట్రోలు డబ్బాలు, నాఫ్తా స్టవ్, గుడారం, కింద పరవడానికి కారిబూ తోళ్లు, మందమైన పరుపు, పిండి, టీ, పంచదార. విడిగా స్నోమొబైల్ బెల్టు ఒకటి, స్పార్క్ ప్లగ్గులు, ఉపగ్రహ సందేశ యంత్రం. చలికి బెల్టు పెళుసెక్కి తెగడం ఇక్కడ మామూలు. విడి బెల్టు లేనివాడికి అక్కణ్నుంచి నడకే.

మూడో రోజు: మంచు మీద, కెకెర్టెన్ దాకా

ఒడ్డు దాటడమే మొదటి పరీక్ష. ఆటుపోట్లకు ఒడ్డు వెంట మంచు రోజుకి రెండుసార్లు లేచి పడుతూ పెద్ద పెద్ద దిమ్మలుగా విరిగి ఉంటుంది. పోటు మీదున్నప్పుడు దాటితే దిమ్మలు ఒక మట్టానికొచ్చి దారి దొరుకుతుంది. ఆటులో దాటబోతే స్లెడ్జి ముక్కు గోతిలోకి దిగబడుతుంది.

బయట సముద్రం తెల్లగా, చదునుగా ఉంటుంది. ఈ చదునే మోసం. మే నెలలో ప్రవాహం జోరుగా ఉన్న చోట మంచు అడుగు నుంచి అరుగుతుంది, పైన కురిసిన మంచు దాన్ని కప్పేస్తుంది. దీవుల మధ్య సందుల్లో, కొమ్ముల దగ్గర పెద్దాయన బండి ఆపి, హార్పూన్ అనే వేట ఈటె కర్ర మొన ఇనుముతో పొడిచి చూశాడు. ఒక్క పోటుకే దిగి నీరు పైకొస్తే దారి మళ్లించాలి. రెండు మూడు గట్టి పోట్లకు కూడా నిలిస్తే మనిషి నడవొచ్చు, బండి సంగతి అప్పుడు ఆలోచించాలి. ఉపగ్రహ చిత్రాలు, మంచు మందం కొలిచే స్మార్ట్‌ఐస్ సెన్సర్లు, మంచు సమాచారం పంచుకునే సికు యాప్ ఇప్పుడు చాలామంది చూస్తున్నారు, మంచిదే. కానీ యాప్‌లో పచ్చగా కనిపించిన చోట కూడా పెద్దాయన కర్ర దించకుండా వెళ్లలేదు.

కళ్లద్దాలు తీయొద్దు. మబ్బు పట్టిన రోజు కూడా తెలుపు కళ్లను కాల్చేస్తుంది. రాత్రికి కంట్లో ఇసుక పోసినట్టు మొదలై మర్నాడు కన్ను తెరవలేరు.

ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో కెకెర్టెన్ దీవి. 1840లో స్కాట్లండ్ తిమింగల వేటగాడు విలియం పెన్నీ కంబర్లాండ్ సౌండ్‌లోకి వచ్చాడు. దారి చెప్పింది ఇన్యూయిట్ యువకుడు ఇనులువాపిక్. 1857కల్లా కెకెర్టెన్‌లో వేట కేంద్రం వెలిసింది. నూనె కాచిన ఇనుప కాగులు, ఇళ్ల పునాదులు, తెల్లబడ్డ తిమింగలం ఎముకలు ఇప్పటికీ ఉన్నాయి. బోహెడ్ తిమింగలాల నూనె దీపాలకు, నోటి పలకలు ఆడవాళ్ల నడుము పట్టీలకు వెళ్లాయి. టన్నుల కొద్దీ మాంసం ఇక్కడే కుళ్లింది. బోహెడ్లు అంతరించే దశకొచ్చాక కేంద్రం మూతపడింది. ఆ తర్వాత వచ్చిన నిషేధం మాత్రం వాటిని అలా అంతం చేయని ఇన్యూయిట్ల మీద కూడా పడింది. దశాబ్దాల తర్వాత 1996లో నౌయాట్ ఊళ్లో నునావుట్ ప్రాంతపు తొలి అనుమతి వేట, 1998లో పాంగ్నిర్టుంగ్ వాళ్ల వంతు. ఒక తిమింగలం, ఊళ్లకు ఊళ్లు పోగులు.

ఇదే సౌండ్‌లో బెలూగాల సంగతి వేరు. వాటినీ వాణిజ్య వేటే తగ్గించింది, ఇంకా కోలుకోలేదు. ఏటా 41కి మించి పట్టకూడదన్న పరిమితి ఊరి మీద ఉంది. ఆ లెక్క మీద శాస్త్రవేత్తలకూ వేటగాళ్లకూ ఏకాభిప్రాయం లేదు. అయినా ట్యాగు లేకుండా పడవ తియ్యరు. తమ సంఘం కూర్చుని మాట్లాడిన పరిమితి కాబట్టి నిలబడుతోంది.

కెకెర్టెన్‌కి ఇవతల, గాలి తగలని కొమ్ము చాటున గుడారం వేశారు.

నాలుగో రోజు: సీల్

పొద్దున తుపాకీ పని ముందు. రాత్రి రైఫిల్‌ని గుడారం బయటే ఉంచారు. వెచ్చని గుడారంలోకి తెస్తే ఇనుము మీద చెమ్మ పట్టి, బయటికి తీయగానే బోల్టు గడ్డకట్టుకుపోతుంది. బోల్టులో నూనె కూడా తుడిచేస్తారు, చలికి చిక్కబడి సూది మెల్లగా కొడుతుంది, గుండు పేలదు. స్లెడ్జి మీద రోజంతా కుదిపిన స్కోప్ గురి తప్పి ఉంటుంది కాబట్టి అట్టముక్క మీద ఒకటి రెండు గుళ్లు కాల్చి సరిచూసుకున్నారు. ఒక గుండు దండగే కదా అనుకున్నవాడు ఒక సీల్‌ని పోగొట్టుకుంటాడు.

బైనాక్యులర్స్‌లో దూరంగా నల్ల చుక్కలు. గుంపు మీదికి వెళ్లలేదు, గుంపులో ఎప్పుడూ ఒకటి తలెత్తే ఉంటుంది. ఒంటరిదాన్ని చూసుకుని, ఒక కిలోమీటరు ముందే బండి ఆపి, గాలికి ఎదురుగా నడిచారు. మేనల్లుడి చేతిలో తెల్లగుడ్డ తెర: చిన్న చెక్క స్కీల మీద నిలబెట్టింది, మధ్యలో తుపాకీ గొట్టం పట్టే చీలిక. దగ్గరపడ్డాక పొట్ట మీద పాకుడే.

సీల్ నిద్ర చిత్రమైంది. కొన్ని సెకన్లు, మహా అయితే నిమిషం పడుకుంటుంది, తలెత్తి చుట్టూ చూస్తుంది, మళ్లీ తల వాల్చేస్తుంది. తల కిందికి వెళ్లినప్పుడు ముందుకు జరగాలి, పైకి లేవగానే బిగుసుకుపోవాలి. ఈ సీల్ మాత్రం రెండుసార్లు తల దించీ దించకుండానే ఎత్తింది, ముందు రెక్కలు బిగించింది. కుర్రాడు తుపాకీ దించేశాడు. అది కన్నంలోకి జారిపోయింది. అందరూ లేచి వెనక్కి నడిచారు, ఎవరూ ఒక్క మాటా అనలేదు. వదిలేసిన గురిని తప్పిన గురితో కలిపి చూడరు ఇక్కడ.

రెండోది గంటన్నర తర్వాత. డెబ్బై మీటర్ల లోపు దూరం, నిద్రలో ఉంది. పాయింట్ 223 రైఫిల్, గురి తలకే. ఒంటికి కొట్టకూడదు. కన్నం చుట్టూ మంచు తడిగా, లోపలికి వాలుగా ఉంటుంది, సీల్ తల ఎప్పుడూ కన్నం వైపే పెట్టుకుంటుంది. ఒంట్లో గుండు దిగిన సీల్ ఒక్క విదిలింపుతో నీళ్లలో పడుతుంది, మంచు కింద చస్తుంది, ఎవరి నోటికీ అందదు. తల స్థిరంగా, పూర్తిగా కనిపిస్తేనే కాల్చాలన్న నియమం అక్కణ్నుంచి వచ్చిందే. గుండు పేలిన మరుక్షణం కుర్రాడు కొక్కెం కర్ర పట్టుకుని పరుగు. ప్రాణం పోయిన ఒళ్లు కూడా సొంత బరువుకి జారుతుంది. ఐదారు సెకన్ల ఆలస్యం చాలు.

గట్టి మంచు అంచు దాటి బయటి నీళ్లలో వేట ఇంకా కష్టం. చలికాలంలో సీల్‌కి కొవ్వు మందంగా ఉంటుంది, నీరూ ఉప్పగా ఉంటుంది, కొడితే తేలుతుంది. వసంతంలో ఈనడం, బొచ్చు మార్చుకోవడం వల్ల చిక్కిపోతుంది, పైగా కరిగిన మంచు వల్ల పైపొర నీరు తేలికవుతుంది. కొట్టగానే రాయిలా మునిగిపోతుంది. అందుకే నీళ్లలో ముందు హార్పూన్ దింపి, తాడు చివర తేలే బుడగ కట్టాకే తుపాకీ వాడాలని పెద్దలు పట్టుబడతారు. తుపాకీ సంప్రదాయమా అని బయటివాళ్లు అడుగుతుంటారు. మంచు మీద నిద్రలో ఉన్న సీల్‌కి తలలో దిగిన గుండు హార్పూన్ కంటే దయ గల చావు. నీళ్లలో హార్పూన్ లేని తుపాకీ మాత్రం వృథా. పనిముట్టు పాతదా కొత్తదా అన్నదాని కంటే జంతువు త్వరగా చచ్చిందా, చేతికి చిక్కిందా అన్నదే అసలు లెక్క.

సీల్‌ని వెల్లకిలా తిప్పి, కరిగించిన మంచు నీళ్లు కొంచెం నోట్లో పోశారు. ఉప్పు సముద్రంలో బతికే జీవికి మంచినీళ్ల దాహం ఉంటుందని, దాహం తీర్చినవాడి దగ్గరికి మళ్లీ వస్తుందని నమ్మకం. వేటకు ముందు రేపు తప్పకుండా కొడతానని అనకూడదు, జంతువుని వెక్కిరించకూడదు, దాంతో ఆటలాడకూడదు. పెద్దాయన ఇవేవీ ఉపదేశంగా చెప్పడు. కుర్రాడు గొప్పలు పోబోతే మాట మారుస్తాడు, అంతే.

కోత పెద్దావిడది. ఉలు, అర్ధచంద్రాకారపు కత్తి, పిడి పైన. మనవాళ్లు కత్తిపీట మీద కాయను కత్తి వైపు తోస్తారు. ఇక్కడ మాంసం కదలదు, కత్తే మణికట్టుతో ఊగుతుంది. గడ్డం కింద నుంచి వెనక రెక్కల దాకా పొట్ట మీద ఒకే గాటు, తోలూ కొవ్వూ తెగాలి, మాంసం తెగకూడదు. తర్వాత కొవ్వుని తోలుతో పాటే మాంసం నుంచి వేరు చేస్తూ రెండు పక్కలా వలుచుకుపోయింది. తోలుకి చిన్న చిల్లు పడ్డా ఆరబెట్టేటప్పుడు సాగి అరచేయంత అవుతుంది, చేతితొడుగుకి కూడా పనికిరాదు. పొట్ట తెరిచేటప్పుడు వేళ్లు కత్తి కింద పెట్టి పేగుల్ని వెనక్కి నొక్కి పట్టింది. పిత్తాశయం పగిలితే కార్జం అంతా చేదెక్కుతుంది. కార్జాన్ని బయటికి తీసి వెలుగులో తిప్పి చూసింది: తెల్ల మచ్చలు, నీటి తిత్తులు, గడ్డలు ఉంటే తినకుండా వేటగాళ్ల సంఘానికి చెబుతారు. ఇది నున్నగా, ముదురు ఎరుపుగా ఉంది. సన్నగా కోసి, పక్కనే చిన్న కొవ్వు ముక్క పెట్టి అక్కడికక్కడే పంచింది. వెచ్చగా, కొంచెం తియ్యగా, చివర్లో ఇనుము రుచి.

పేగుల్ని వేళ్లతో పిండి కడిగి, జడలా అల్లి పక్కన పెట్టింది, ఉడకబెడతారు. పక్కటెముకలు, జబ్బలు, వెన్నుపూస, రెక్కలు, గుండె, మెదడు, కళ్లు అన్నీ వేర్వేరు కుప్పలు. మాంసం దాదాపు నల్లగా ఉంటుంది. ఊపిరి బిగపట్టి నీళ్లలో ఉండే జంతువు కాబట్టి కండరాల్లోనే ప్రాణవాయువు దాచుకుంటుంది, ఆ నలుపు దానివల్లే. పక్కటెముకలు చల్లటి నీళ్లలో వేసి, సరిపడా ఉప్పు వేసి, నురగ తీస్తూ గంటసేపు ఉడికించారు. కొవ్వు కొంచెం ఉంచకపోతే మాంసం పీచుగా ఉంటుంది, ఎక్కువైతే పులుసంతా నూనె వాసన. తినేటప్పుడు ముక్కని పళ్లతో పట్టి పెదాల దగ్గర కత్తితో కింద నుంచి పైకి కోస్తారు. పులుసు కప్పుల్లో పోసుకుని తాగుతారు.

చివరికి మంచు మీద మిగిలింది పిత్తాశయం, పేగుల్లోని పదార్థం, రక్తం. కాకులు వాలాయి. తెల్లటి మంచు మీద ఈ ఎర్రటి మరకనే ఉద్యమాల పోస్టర్లు దశాబ్దాలపాటు వాడుకున్నాయి. కబేళాలో ఇదే రక్తం కాలువలో పోతుంది, ఫొటో ఉండదు. ఫొటో తీయాలనుకుంటే ఇక్కడ ముందు అడగాలి, వాళ్లు వద్దంటే మానేయాలి.

ఐదో రోజు: గాలి, పచ్చి మాంసం, చార్ చేప

తెల్లవారుజాము నుంచి గాలి. నేలకీ ఆకాశానికీ తేడా లేని తెలుపు. ఇలాంటప్పుడు కదలకూడదు. గుడారంలోనే టీ, బానక్ రొట్టె, నిన్నటి మాంసం.

పచ్చిది తినడం గురించి తెలుసుకోవాల్సింది చాలా ఉంది, రొమాంటిక్‌గా చూస్తే ప్రాణం మీదికొస్తుంది. ధ్రువపు ఎలుగుబంటి కార్జం, ఉగ్జుక్ అనే గడ్డపు సీల్ కార్జం తినరు, వాటిలో విటమిన్-ఎ విషమయ్యేంత ఉంటుంది. ఎలుగు మాంసాన్ని బాగా ఉడికించాకే తింటారు. పొడవాటి దంతాలుండే సముద్ర జంతువు వాల్రస్ మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు. ఇక్కడి రకం పురుగు గడ్డకట్టించినా చావదు, ఎండబెట్టినా చావదు. అందుకే క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇన్యూయిట్ ప్రాంతం నునావిక్ ఊళ్లలో వాల్రస్‌ని కొట్టాక నాలుక ముక్కని కుజువాక్‌లోని పరిశోధన కేంద్రానికి పంపుతారు, ఫలితం వచ్చేదాకా పోగులు వేయరు. పురుగు ఉందని తేలితే ఆ మాంసం మొత్తం వదులుకుంటారు. అంత మాంసాన్ని వదులుకోవడం ఎంత బాధో వేటగాడికే తెలుసు, అయినా చేస్తారు.

ఇగునాక్ అని వాల్రస్ మాంసాన్ని దాని తోలులోనే చుట్టి, తీరం గులకరాళ్ల కింద పాతి నెలల తరబడి పులియబెడతారు. చల్లగా ఉండాలి, గాలి ఆడాలి. అదే మాంసాన్ని మూతున్న ప్లాస్టిక్ బకెట్‌లో వేసి వెచ్చని ఇంట్లో పెడితే బొట్యులిజం విషం పుడుతుంది, మనిషి చస్తాడు. పద్ధతి అదే అనుకుని పాత్ర మార్చిన చోటే ప్రమాదాలు జరిగాయి.

పాదరసం సంగతి దాచిపెట్టాల్సింది కాదు. దక్షిణాది ఫ్యాక్టరీల పొగ గాల్లో, నీళ్లలో ఇక్కడికి చేరి జంతువుల ఒంట్లో పేరుకుంటుంది. 2012లో నునావుట్ ఆరోగ్య శాఖ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు రింగ్డ్ సీల్ కార్జం బదులు మాంసం తినాలని చెప్పింది. సీల్ తినొద్దని మాత్రం చెప్పలేదు. మానేసి చిప్స్, సోడా తింటే నష్టం ఇంకా ఎక్కువని వాళ్లకు తెలుసు.

మధ్యాహ్నం గాలి తగ్గాక దగ్గరి సరస్సుకి. మంచు మీటరున్నర మందం. ఆగర్ అనే తొలిచే మరతో కన్నం వేసి, మెరిసే ఎర్రముక్క కట్టిన గాలాన్ని అడుగు దాకా వదిలి, రెండడుగులు పైకి లాగి చిన్నగా ఆడించాలి. ఆర్కిటిక్ చార్ రెండు మూడు కిలోలది మంచిది. పడ్డవెంటనే మంచు మీద గట్టిగా కొట్టి చంపి, మొప్పలు కోసి రక్తం పోనిస్తారు. ఎండబెట్టడానికి వెన్ను తీసి, తోక దగ్గర రెండు పక్కలూ కలిసి ఉండేలా వదిలి, మాంసాన్ని తోలు దాకా అడ్డంగా అంగుళం ఎడంతో గాట్లు పెట్టి తాడు మీద వేలాడదీస్తారు. గాటు లోతు చాలకపోతే మధ్యలో పులుస్తుంది. పచ్చిగా తినాలంటే ఇంట్లో ఫ్రీజర్‌లో సున్నాకి 20 డిగ్రీలు కింద వారం ఉంచడం మేలు, నులిపురుగులు చస్తాయి. పెద్దాయనకి ఆ వారం ఆగే ఓపిక లేదు.

ఆరో రోజు: తిరిగి ఊరికి, పోగులు

స్లెడ్జి ఒడ్డెక్కిన గంటలోపే సగం మాంసం మాయమైంది. పెద్దావిడ వంటింటి నేల మీద అట్టపెట్టెలు విప్పి పరిచింది. స్థానిక రేడియోలో, ఫేస్‌బుక్‌లో ఒక్క మాట: మాంసం ఉంది, రండి. మొదట ముసలివాళ్లకి, వేటగాడు లేని ఇళ్లకి, కడుపుతో ఉన్నవాళ్లకి. కొందరు వచ్చి కింద కూర్చుని కొంచెం తిని, కొంచెం సంచిలో వేసుకుని వెళ్లారు. ఎవరూ ధన్యవాదాలు గట్టిగా చెప్పరు, ఇచ్చినవాడూ లెక్క రాసుకోడు. పిల్లవాడి మొదటి సీల్ అయితే మొత్తం పంచేస్తారు, వాణ్ని పుట్టించిన మంత్రసానికి ప్రత్యేకంగా పోగు వెళుతుంది.

ఈ పంపకానికి ఇప్పుడు గట్టి ఒత్తిడి ఉంది. స్నోమొబైల్, పెట్రోలు, తూటాలు డబ్బుతో వస్తాయి, మాంసం డబ్బు తేదు. ఉద్యోగం ఉన్నవాడికి వేటకు తీరిక లేదు, తీరిక ఉన్నవాడికి పెట్రోలు కొనే స్తోమత లేదు. అందుకే మాంసం అమ్మడం మొదలైంది. నునావుట్ ఒప్పందం ప్రకారం ఇన్యూయిట్లకు అమ్ముకునే హక్కుంది. ఇకాలూయిట్‌లో స్థానిక మాంసం అంగళ్లు కూడా జరిగాయి. పెద్దల్లో కొందరు అది తప్పంటారు. సీల్‌నో చార్‌నో ఊళ్లోనే అమ్మి పెట్రోలు డబ్బులు రాబట్టుకోవడంలో తప్పు లేదు, వేటగాడు మంచు మీదికి వెళ్లకపోతే పంచడానికే ఏమీ ఉండదు. కారిబూ విషయంలో మాత్రం పెద్దల మాటే నిజం.

బాఫిన్ దీవి కారిబూ మందలు 1990ల్లో పదుల వేలల్లో ఉండేవి. 2014లో విమానం నుంచి లెక్కపెడితే దాదాపు 4,600 తేలాయి. 2015 జనవరిలో వేట పూర్తిగా ఆపేశారు. అదే ఏడాది వేసవిలో దీవి మొత్తానికి 250 మగవి మాత్రమే అని కోటా పెట్టారు. అంతకుముందే, మందలు తగ్గిన లోటుకి సౌతాంప్టన్ దీవి నుంచి కారిబూ మాంసం ఆన్‌లైన్‌లో అమ్మి విమానాల్లో బాఫిన్‌కి పంపడం మొదలైంది. దాంతో అక్కడి మంద మీదా భారం పడింది. ముఖం తెలియని కొనుగోలుదారుడికి పంపే మాంసానికి హద్దుండదు, పొరుగింటికిచ్చే పోగుకి ఉంటుంది. కోటా చాలా కటువైందని ఇక్కడ అందరూ గొణుగుతారు. కారిబూ తోలు లేక పడకలు పలచబడ్డాయని పెద్దావిడ అన్నది నిజమే. అయినా ఊరికి వచ్చిన ట్యాగులు అయిపోయాక ఎవరైనా ఆడ కారిబూని కొడితే, ఆ మాట అధికారి కంటే ముందు వీధిలో తేలుతుంది.

ఏడో రోజు: ఊరు వదలడం

విమానానికి ముందు ఉక్కుర్మియుట్ కళా కేంద్రం చూడొచ్చు, అచ్చు చిత్రాలు, నేత చిత్రాలు ఇక్కడివి పేరున్నవి. అల్లిన ఊలు టోపీలకూ ఈ ఊరు ప్రసిద్ధి. సీల్ తోలు చేతితొడుగులు కొనాలనుంటే కుట్టినవాళ్ల దగ్గరే కొనండి, కుట్టు సన్నగా, లోపలి పక్క కొవ్వు వాసన లేకుండా ఉండాలి. అమెరికా మీదుగా తిరుగు ప్రయాణమైతే కొనకండి, అక్కడి చట్టం సీల్ వస్తువుల్ని లోపలికి రానివ్వదు. యూరప్‌లో అమ్మకానికి ఇన్యూయిట్ వేట ధ్రువపత్రం అడుగుతారు, రశీదుతో పాటు అలాంటి కాగితం ఉంటే అడిగి తీసుకోండి. నార్వాల్ తిమింగలం దంతం, ఎలుగు తోలు, ఎలుగు గోరు లాంటివాటికి దేశం దాటాలంటే అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ కింద పర్మిట్ కావాలి, అది ముందే తీసుకోవాలి, విమానాశ్రయంలో ఇవ్వరు. మాంసాన్ని ఇండియాకి తేవడం కుదరదు. టొరంటోలోనో ఒట్టావాలోనో బంధువులుంటే ఎండు చార్ ఒక పొట్లం అక్కడిదాకా తీసుకెళ్లొచ్చు. గాలి చొరని ప్లాస్టిక్‌లో కాకుండా కాగితంలో చుట్టి, చల్లగా ఉంచి, వారంలో తినేయమని చెప్పండి.